నేను జరిపిన సిలువ

ఏళ్ళ తరబడి ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. నా పేరు అడగకండి. దోహాలో, అల్ హిలాల్ పేటలో ఉంటున్న గోదావరి జిల్లావాణ్ణి, అంతే.

మా లంకలో రెల్లు నరికి మొట్టమొదట గుడిసె వేసినవాడు మా ముత్తాత. పోయాక ఆయన్ని మెరక మీద పాతిపెట్టారు. తర్వాత పోయినవాళ్ళు వరసగా ఆయన పక్కనే చేరారు. అలా మా కుటుంబానికి సొంత సమాధుల తోట ఏర్పడింది.

ఒకసారి సెలవుకెళ్ళి దాన్ని ఆనుకుని ఇల్లు కట్టాను. సెప్టిక్ ట్యాంకుకి పెరట్లో చోటు చాలక ప్రహరీని తోటలోకి జరిపించాను. ముత్తాత అక్కడే ఉన్నాడని తెలుసు. తెలిసే జరిపించాను. ట్యాంకు గుంట తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. మేస్త్రి ఆగి నా మొహం చూశాడు. కానిమ్మని చెయ్యి ఊపాను. ఆ ఎముకల మీదే ట్యాంకు కట్టేశారు.

ఆయన సమాధి మీది కొయ్య సిలువని మాత్రం పీకించి, తోట గేటు వైపు ఖాళీ జాగాలో పాతించాను. ఎందుకు? భక్తా? కాదు, రేపు ఎవరైనా అడుగుతారని. బంధువులంతా తలో ఊరూ పోయారు, గుర్తుపట్టేవాళ్ళు లేరు. ఇప్పటికీ ఆ ఇంటికెళితే, మరుగుదొడ్డిలో నీళ్ళు వదిలినప్పుడల్లా అవి ఎవరి మీదికి పోతున్నాయో గుర్తొస్తుంది. ఛీ, ఏం మనిషిని నేను?

పెదనాన్న కూడా దోహాలోనే, అల్ తుమామాలో ఉండేవారు. జబ్బు చేసి, ఇక లేవరని తెలిశాక, ఓ శుక్రవారం నన్ను మంచం దగ్గరికి పిలిచారు.

"ఏరా, మా తాత పక్కన జాగా ఉందా?" ఆయన తాతంటే నా ముత్తాతే.

"ఉందండి పెదనాన్నా."

"చిన్నప్పుడు ఆయన చెయ్యట్టుకునే చర్చికెళ్ళేవోణ్ణిరా. నన్నక్కడే పెట్టండి."

"అలాగేనండి."

అప్పుడైనా చెప్పాల్సింది. పోయే మనిషిని బాధపెట్టడం ఇష్టంలేక ఊరుకున్నానని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. అదీ అబద్ధమే, నా మొహాన ఉమ్మేస్తారని, ఇక్కడి మనవాళ్ళందరిలో పరువు పోతుందని భయపడ్డాను.

ఆయన పోయాక శవపేటికతో ఊరికి నేనే వెళ్ళాను. ఆ సిలువ పక్కనే గొయ్యి తవ్వించి, మొదటి పిడికెడు మట్టి నేనే వేశాను. తాత దగ్గరికే చేరారని పాస్టరుగారంటే అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు తలుచుకుంటే నామీద నాకే రోత.

మొన్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన ఒంటరిగా లేరు కదరా, నాకదే ధైర్యం" అంది. తలూపాను.

ఆయన ఒంటరిగానే ఉన్నారు. ఆవిడకి చెప్పలేక మీకు చెబుతున్నాను. క్షమించమని అడగను. ఇన్నాళ్ళకి ఊపిరి కాస్త ఆడుతోంది, అదీ నాకు దక్కాల్సింది కాదు.