కొమ్మ దొరకని పిట్టలు

ముప్పై ఐదేళ్లు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసిన మనిషికి గీతను మించిన శత్రువు ఉండదు. అద్దం మీద వెంట్రుకవాసి గీత పడినా అది చెత్తబుట్ట పాలే. ఆయన ఉద్యోగం విరమించారు గాని ఆ చూపు విరమించలేదు. జేబులో భూతద్దం లేనిదే గుమ్మం దాటేవారు కారు. అందుకే వీధివాళ్లకు ఆయన భూతద్దంగారు. అసలు పేరు తెలిసిన భార్య కాలం చేసి పదమూడేళ్లయింది.

మిగిలిన వ్యాపకం ఒక్కటే. ఊరి చివర ఒకావిడ తన చేతులతో మట్టి కప్పులు చేసి, వాటి లోపలివైపు కుంచెతో పిట్టలు వేసి, కుమ్మరి ఆవంలో కాల్చేది. ఏడాదికి రెండుమార్లు ఆవం తెరిచిన రోజున కొనేవాళ్లు ఎగబడేవారు. కప్పుల మెరుపు పూత మీద సాలెగూడు వంటి సన్నని పగుళ్లుంటాయి. భూతద్దంగారు ఒక్కొక్కటీ పరీక్షించి, పగుళ్లు తక్కువున్న దానినే ఏరుకొనేవారు. తక్కినవాళ్లు దట్టంగా పగిలినవాటికోసం తోసుకుంటుంటే, పాపం, మేలిమి ఎరగనివాళ్లని జాలిపడేవారు.

అట్లా ఇరవై నాలుగు కప్పులు గాజు తలుపుల బీరువాలో చేరాయి. పాడవుతుందేమోనన్న భయంతో కొత్త నోటుపుస్తకం ముట్టక, ఏడాదంతా చిత్తుకాగితాల మీదే రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరుంటారు. పరీక్షలు అయిపోతాయి, పుస్తకం తెల్లగానే ఉంటుంది. వాళ్లను కోప్పడడానికి ఎవరికీ మనసొప్పదు.

ఆ వేసవిలో ఆవిడ, తన కప్పులు ఏయే ఇళ్లలో ఉన్నాయో ఆయా ఇళ్లవాళ్లనడిగి తెచ్చి ప్రదర్శన పెట్టాలనుకుంది. కబురు తెలిసిన నాటినుంచి భూతద్దంగారికి కాలు నిలవలేదు. పదమూడేళ్లుగా ఆ బీరువాను తాను తప్ప మరొకరు చూడలేదు. ఒక్కటంటే ఒక్క కప్పయినా నలుగురి ముందు నిలబడితే చాలు.

ఆవిడ రానే వచ్చింది. ఆయన స్టీలు గ్లాసులో టీ ఇచ్చి, బీరువా తలుపులు తెరిచారు. ఆవిడ ఒక కప్పు తీసి లోపలికి చూసింది. ఇంకొకటి తీసింది.

“బాబాయిగారూ, వీటిలో ఒక్కసారైనా టీ తాగారా?”

“ఎంతమాట! మరక పడిపోదూ?”

ఆవిడ పకపకా నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

“మరక పడాలనే కదండీ చేసింది! నేను పిట్టని మాత్రమే వేస్తాను. కొమ్మ వెయ్యను. రోజూ టీ పోస్తుంటే ఆ రంగు పగుళ్లలోకి దిగి, ఏళ్లు గడిచేసరికి అవే కొమ్మలవుతాయి. మీ పిట్టలన్నీ ఇంకా గాల్లోనే కూర్చున్నాయి.”

“మరి... పగుళ్లు తక్కువున్నవి నేను ఏరుకుంటుంటే చెప్పలేదేమమ్మా?”

“ఎవరూ తీసుకోనివి పట్టుకెళ్తున్నారు, ఎంత మంచి మనసో అనుకున్నాను!”

ఆయన బీరువా వైపు తిరిగారు. “ప్రదర్శనకి ఇంకా నెల ఉంది. ఇవాళ్టి నుంచి పూటపూటా తాగితే?”

“నెలకి మరకొస్తుంది గానీ కొమ్మ రాదండీ.” ఆవిడ ఒక కప్పును మళ్లీ చేతిలోకి తీసుకుంది. “పోనీ, ఒకటివ్వండి. వాడకపోతే ఇట్లా ఉంటుందని పక్కన పెట్టి చూపిస్తాను.”

“వద్దులేమ్మా,” అన్నారాయన. “వాటినెందుకు నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం? తప్పు వాటిది కాదు.”

ఆవిడ వెళ్లిపోయాక బీరువా తలుపులు చాలాసేపు తెరిచే ఉన్నాయి. ఇరవై నాలుగు కప్పులకు ఒక్కటే నోరు, ఎప్పటికి తెములుతుంది? మరునాడు పొద్దున్నే ఆయన మేడమెట్లెక్కి, పదమూడేళ్లలో మొదటిసారి, పై వాటాలోని కుట్టుమిషనావిడ తలుపు తట్టారు.

“ఏమ్మా, కిందికొచ్చి ఓ కప్పు టీ తాగి వెళ్తారా?”

“నీళ్లు రాలేదా ఏంటండీ?” అందావిడ కంగారుగా. సంగతి తెలిశాక నవ్వింది. “అయ్యో, ఇవాళ పెళ్లివారి బట్టలున్నాయండి. ఇంకో రోజొస్తాలెండి.”

“దానికేం, అట్లాగే.”

కిందికి దిగి ఆయన టీ కాచారు. బీరువాలోంచి రెండు కప్పులు తీసి, రెంటిలోనూ పోశారు. ఒకటి తాగారు. మేడమీద మిషను ఆగి, మళ్లీ కదిలింది. పొగలు తగ్గుతున్న రెండో కప్పును దగ్గరికి లాక్కొని, చల్లారకముందే దానినీ తాగేశారు.