బల్ల చివరి కుర్చీ

కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన శీతాకాలంలోనే నన్ను వాషింగ్టన్‌లో మంత్రివర్గ వ్యవహారాల కార్యాలయానికి బదిలీ చేశారు. నాది పర్మనెంటు ఉద్యోగం. అధ్యక్షులు మారతారు, మేం మారం. సమావేశాలకు కాగితాలు, కుర్చీలు సిద్ధం చేయించడం నా పని. అలకపాన్పు ఎక్కిన మంత్రిని ఎన్నడూ చూడనివారు అదేం పెద్ద పని అనేవారు.

బల్ల మధ్యలో అధ్యక్షుడు కూర్చుంటారు. మిగతా కుర్చీలు శాఖల వయసును బట్టి వేస్తాం. ముందు పుట్టిన శాఖ దగ్గరగా, తర్వాత పుట్టింది దూరంగా. అధ్యక్షుడికి కాలేజీ రూమ్మేటూ, ఎన్నికల్లో కుడిభుజమూ అయిన మిత్రుడికి దక్కింది కొత్త శాఖ. అంటే బల్ల చివర.

ఆయన దగ్గర పనిచేసే స్వాతి జెర్సీ సిటీలో పుట్టిన తెలుగమ్మాయి. అందరినీ పేరుపెట్టి పిలిచేది, నన్ను మాత్రం అంకుల్ అనేది. అక్కడ మంత్రిని సెక్రటరీ అంటారు.

"అంకుల్, మా సెక్రటరీ చెయిర్ కొంచెం దగ్గరికి మూవ్ చేయరా, ప్లీజ్? ఆయన చాలా హర్ట్ అయ్యారు," అంది.

నా చేతిలో లేదని చెప్పి, ఆ కోరికను పైకి పంపాను. అక్కడే ఉండనివ్వమని అధ్యక్షుడి జవాబు వచ్చింది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టుందని ఆఫీసంతా చెప్పుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

తర్వాతి సమావేశంలో, పల్లె ఆసుపత్రులకిచ్చే సాయం ఆపేద్దామని అధ్యక్షుడే ప్రతిపాదించారు. దగ్గర కూర్చున్నవారంతా తలలూపారు. అప్పుడాయన బల్ల చివరికి చూసి, నువ్వేమంటావని మిత్రుణ్ణి అడిగారు. అంత దూరం నుంచి మిత్రుడికి గొంతు పెంచక తప్పలేదు.

"తప్పంటాను, మిస్టర్ ప్రెసిడెంట్. పురిటికి కూడా గంటల తరబడి డ్రైవ్ చేసుకుంటూ పోవాలి వాళ్లు."

గోడవారన నా పక్కనే కూర్చున్న స్వాతి, "ఆయన జాబ్ పోయింది, అంకుల్," అంది నెమ్మదిగా.

అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. తర్వాత ఆయన, ఇంకెవరికైనా ఇలాగే అనిపిస్తోందా అని అడిగారు. ఒక్కో చెయ్యీ లేచింది. ఇందాక తలలూపినవారూ ఎత్తారు. ప్రతిపాదన అక్కడితో ఆగిపోయింది. లేచి వెళ్లేటప్పుడు అధ్యక్షుడు బల్ల చివరిదాకా నడిచి, మిత్రుడి భుజమ్మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్లారు. అంత మంది ముందు ఓడిపోయి అలా నడవగలిగినవారిని నేను మళ్లీ చూడలేదు.

పదవి దిగేటప్పుడు ఎవరి కుర్చీ వారికే కానుకగా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. తన కుర్చీ ఎత్తిస్తూ ఆ మిత్రుడు, "దగ్గరికి జరిపించమని అడిగించింది నేనే. జరపకపోవడమే మంచిదైంది," అని నవ్వారు.

పక్కన కూర్చున్న మిత్రుడు చెవిలో చెబుతాడు. చివర కూర్చున్నవాడు అందరికీ వినపడేలా చెప్పాలి, అప్పుడే మిగతావారికీ నోరు వస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నా కింది సిబ్బందితో నేను పెట్టుకునే సమావేశాల్లో, నాకు బాగా చనువున్నవారిని బల్లకు ఆ చివరే కూర్చోబెట్టాను.