గంటకు నాలుగు లీటర్లు

2006 వేసవిలో నేను చిక్కబళ్ళాపురంలో ఒక ఫ్రిజ్ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సీనియర్ టెక్నీషియన్‌ని. బాగేపల్లి, చింతామణి కూడా నా కిందే ఉండేవి. అప్పటికి పదహారేళ్ళుగా ఒంటి తలుపు ఫ్రిజ్‌లకు గ్యాస్ నింపీ కంప్రెసర్లు మార్చీ విసుగెత్తి ఉన్నాను. ఆ ఏడే మా వైపు మొదటి పెద్ద ఫ్రిజ్ వచ్చింది. పక్కపక్కన రెండు తలుపులు, ఎడమ తలుపులో ఒక గూడు, గూట్లో మీట. గ్లాసుతో మీటను నొక్కితే చల్లటి నీళ్ళు. బటన్ మార్చి నొక్కితే ఐసుముక్కలు. బెంగళూరు ట్రైనింగ్‌లో దాన్ని విప్పి చూసినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే.

చింతామణి దగ్గర టమోటా రైతు వెంకటరవణప్పగారింట్లో దాన్ని బిగించింది నేనే. మూడు వారాలు తిరగకుండానే కంప్లైంట్ వచ్చింది. నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయట, ఐసు అప్పడాల్లా పలచగా వస్తోందట. మా మేనేజర్ సూటిగా చెప్పాడు. సాయంత్రంలోగా బాగుచేస్తే ఇకమీదట ఈ రకం ఫ్రిజ్‌లన్నీ నావే. చేయలేకపోతే బండి పంపి దీన్ని వెనక్కి తెప్పిస్తాడు, తర్వాతి వాటికి బెంగళూరు ఇంజనీరు వస్తాడు. నిజానికి భయపడాల్సిన మాట. నాకు మాత్రం పెళ్ళికి బయల్దేరినంత సంబరంగా ఉంది. మళ్ళీ దాన్ని విప్పబోతున్నాను మరి!

ఇంట్లో వెంకటరవణప్పగారి కోడలు సుజాత ఒక్కతే ఉంది. పెద్దాయన తోటకు పోయారు. ఆమె గ్లాసు తెచ్చి మీటకు ఆనించి చూపించింది.

"చూడన్నా, ఒక గ్లాసు నిండేదానికి మూడు నిమిషాలు పడతాండాది. అంతలోకి కుక్కరే కూత పెట్టేస్తాది."

ఈ యంత్రంలో నీళ్ళు రావాలంటే మూడు సరిగా ఉండాలి: తలుపులోని మీట స్విచ్, లోపలి బోర్డు, వెనక అడుగున ఉండే నీటి వాల్వు. వాల్వు మీద రాగితీగ చుట్టిన కాయిళ్ళు రెండుంటాయి. ఒకటి తాగే నీళ్ళకు, ఒకటి ఐసు ట్రేకు. కరెంటు అందితే వాల్వు తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. ఐసు మేకర్ నీళ్ళను కొలవదు. ఏడు సెకన్లు వాల్వు తెరిచి మూసేస్తుంది. ఆలోగా ఎన్ని నీళ్ళొస్తే అంత ఐసు.

ప్లగ్ పీకి వెనక పలక విప్పాను. మీట స్విచ్‌కు మీటర్ పెడితే వెంటనే కూసింది, అంటే స్విచ్ బాగుంది. రెండు కాయిళ్ళ రెసిస్టెన్సూ బాగానే ఉంది. ఆ తర్వాత మీటర్ క్లిప్పులు వాల్వుకు తగిలించి, చేతులు బయటికి తీసుకుని, అప్పుడు ప్లగ్ పెట్టాను. క్రమం ఇదే, కరెంటున్నప్పుడు లోపల వేళ్ళు పెట్టేవాడు ఎక్కువ కాలం సర్వీసు చేయడు. సుజాత మీట నొక్కగానే మీటరు 230 చూపించింది. కరెంటు రాజాలా వస్తోంది, నీళ్ళే రావడం లేదు!

దొరికాడు దొంగ అనుకున్నాను. మా ప్రాంతపు బోరు నీళ్ళకు సున్నం పేరుకుని ఫిల్టరో వాల్వో పూడుకుపోవడం మామూలే. ఫిల్టర్ మార్చాను. మార్పు లేదు. నా దగ్గరున్న ఒకే ఒక్క కొత్త వాల్వు బిగించాను. అదే చుక్క, అదే టప్‌టప్. వంటింటి కొళాయి తిప్పి చూస్తే నీళ్ళు ధారగా దూకాయి. అప్పుడు మాత్రం నా సంబరం జారిపోయింది. గంట నాలుగు దాటింది. మేనేజర్ ఫోన్ చేసి బండి పంపమంటావా అని అడిగితే, ఇంకో గంట అడుక్కున్నాను.

ఇక చివరికి వాల్వుకు వచ్చే సన్నటి పైపునే ఊడదీసి చెంబులోకి పట్టాను. ఆ పని మొదటే చేసి ఉండాల్సింది. పైపులోంచే చుక్కలు పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే వెంకటరవణప్పగారు తోట నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"పైపు యాల పీకినావప్పా? నీళ్ళు సక్కంగానే వస్తాండాయి కదా."

ఇవి చుక్కలు కదప్పా అన్నాను.

"చుక్కలే. గంటకు నాలుగు లీటర్లు. టమోటా చెట్టుకే అది సాలతాది, ఈ పెట్టెకు అంతకంటే యాలకు?"

నా చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి తీసుకెళ్ళి గర్వంగా చూపించారు. నేను వేసిన పైపును కోసి, మధ్యలో డ్రిప్పర్ బిగించి ఉంది. నీళ్ళను చుక్కలుగా వదలడానికి తోటలో చెట్టు మొదట్లో పెట్టే నల్లటి బిళ్ళ. పనితనానికి వంక పెట్టడానికి లేదు, అతుకు దగ్గర తడి కూడా లేదు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు.

"రెండు బోర్లు ఎండిపోయినాయప్పా. మూడోది ఎనిమిదొందల అడుగులు. రాత్రీ పగలూ పైపు తగిలించి పెడితే ఈ పెట్టె ఎంత తాగేస్తాదో ఎవురికి తెలుసు?"

డ్రిప్పర్ తీసి పైపు అతికించాను. గ్లాసు ఆయన చేతికే ఇచ్చి మీటకు ఆనించమన్నాను. నీళ్ళు బుస్సున దూకాయి. ఆయన కంగారుగా చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ధార టక్కున తెగిపోయింది. గూట్లోకి వంగి చూశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. ఆరేడుసార్లు అదే పని.

"సుజాతా, ఇట్లా రామ్మా! చెయ్యి తీస్తే ఒక్క చుక్క కూడా పడలేదే! నా తోటలో ఏ గేటువాల్వూ ఇంత సక్కంగా మూసుకోదు."

ఆయన కేకలకు నా ఉత్సాహం రెండింతలైంది. ఐసు ట్రేకు పోయే నీళ్ళు కూడా ఏడు సెకన్లకు ఆగిపోతాయని, ట్రే నిండాక అసలు నీళ్ళే అడగదని చెప్పి, లోపలి ట్రే బయటికి తీసి చూపించాను. ఫోన్ చేసి బండి వద్దన్నాను.

జాబ్ షీటులో 'లోపానికి కారణం' అనే గడి ఉండేది. ఇలాంటప్పుడు 'వినియోగదారుడి తప్పు' అని రాయడం మా రివాజు. నేను అలా రాయలేదు. బిగించిన రోజు బటన్లన్నీ కోడలికి చూపించాను, కానీ నీళ్ళను కాపాడుకునే మనిషి ఎదురుగానే కూర్చుని ఉన్నా, ఇది తనంతట తనే ఆగుతుందని ఒక్క ముక్క చెప్పలేదు. 'డెమో అసంపూర్తి' అని రాసి సంతకం పెట్టాను. మేనేజర్ అది చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే బాగేపల్లిలో రెండో ఫ్రిజ్ బిగించే పని నాకే ఇచ్చాడు.

ఆ ఇంట్లో ప్లగ్ పెట్టకముందే, ఇక్కడ నీళ్ళ సంగతి చూసేదెవరని అడిగాను. మొదటి గ్లాసు వాళ్ళ చేతికే ఇచ్చాను. రిటైరయ్యేదాకా ఆ వరస మార్చలేదు.