గాలి టేపు

మొన్న స్టూడియోలో ఒక పెద్దాయన మాటల రికార్డింగు శుభ్రం చేస్తున్నాం. ఆయన్ని ఎవరో బీచ్ రోడ్డులో గట్టు మీద కూర్చోబెట్టి మాట్లాడించారు. మధ్యలో సముద్రపు గాలి మైకులోకి దూరి, తడి దుప్పటి దులిపినట్టు బొడబొడమంది. నా పక్కనున్న కుర్రాడు ముఖం చిట్లించి ఆ ముక్క తీసేయబోయాడు. "ముట్టుకోవద్దు!" అని అరిచాను. పాపం, అదిరిపడ్డాడు. నేను హెడ్‌ఫోన్లు చెవులకు అదిమిపట్టుకుని ఆ గాలినే మళ్ళీ మళ్ళీ విన్నాను. నటేశన్ నగర్‌లో మా ఎదురింటి శకుంతల అత్త పక్కన కూర్చుని "వినవే, వినవే, ఇప్పుడు వస్తాది చూడు" అంటున్నట్టే అనిపించింది.

శకుంతల అత్త నాకు మేనత్త కాదు. మా పుదుచ్చేరి తెలుగువాళ్ళలో ఎదురింటి ఆవిడ అత్త, ఆవిడ భర్త మామ, అంతే. వాళ్ళకు అరియాంకుప్పం అవతల పొలాలుండేవి. పొద్దున పూట కూలీలతో ఫోనులో గొంతు చించుకుని, మధ్యాహ్నం భోజనం కాగానే ముందు గదిలో చాప వేసుకుని టేపురికార్డరు ముందు కూర్చునేది. వినేది ఒక్క బ్యాండునే. మా అమ్మానాన్నల పెళ్ళికి ముందే ఇంగ్లండులో పేరు మోసిన రాక్ బ్యాండు. అవీ అంగట్లో దొరికే క్యాసెట్లు కావు. కచేరీలకు వెళ్ళిన అభిమానులు కోటు కింద రికార్డరు దాచి దొంగచాటుగా పట్టుకొచ్చినవి. వాటిని డబ్బుకు అమ్మకూడదు. నా దగ్గరున్నది నీకు, నీ దగ్గరున్నది నాకు, అదే ఆ లోకపు ధర్మం. ఆమె బీరువా నిండా అవే. పట్టుచీరలు ట్రంకు పెట్టెలోకి దిగి ఎన్నేళ్ళయిందో.

ఆ బ్యాండు పేరు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. "మనోళ్ళు" అనేది. "మనోళ్ళు ఆ రోజు జర్మనీలో ఏం వాయించినారే!" అని ఆమె అంటే, కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్ళు వీళ్ళకు నాదస్వరం వాయించే చుట్టాలున్నారు కాబోలు అనుకునేవాళ్ళు. ఒకావిడ కూతురి పెళ్ళికి మేళం మాట్లాడిపెట్టమని కూడా వచ్చింది. అత్త ఏమాత్రం తొణక్కుండా, "వాళ్ళు ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఒప్పుకోవడం లేదమ్మా" అని పంపేసింది.

ఈ పిచ్చి ఆమెకు అంటించింది వాళ్ళ మేడ మీద అద్దెకున్న ఒక ఫ్రెంచి కుర్రాడు. అత్త కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల మాట. అతను తిరిగి తన దేశం వెళ్ళిపోతూ టేపురికార్డరూ, ఒక పెట్టెడు క్యాసెట్లూ ఆమె చేతిలో పెట్టాడు. మొదట్లో వాళ్ళ అత్తగారి మీద కసితో గట్టిగా పెట్టేదాన్నని అత్తే చెప్పింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించే రకం కాదు ఆమె. అత్త మీద కోపం అత్త మీదే చూపించేది. ఆ కసి కాస్తా ఎప్పుడు ప్రేమగా మారిందో ఆమెకే తెలియదు.

నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం లేక, ఇంట్లో అందరి మీదా కస్సుబుస్సులాడుతున్న కాలం అది. ఇళ్ళలోకి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తోంది. అత్త కంప్యూటరు కొని, "టేపులన్నీ దీంట్లోకి ఎక్కించాల. నీకు తెలుసు గదా, రావే" అని పిలిచింది. కాలక్షేపానికి వెళ్ళాను. మొదటి రోజే ఒకే పాటను మూడు ఊళ్ళ కచేరీల నుంచి వరసగా వినిపించి, "ఏంది తేడా?" అని అడిగింది.

"తేడా ఏముంది అత్తా? పాట ఒకటే కదా," అన్నాను.

"మీ అమ్మ దినమూ సాంబారు చేస్తాది. దినమూ ఒకటే సాంబారా?"

"కాదు."

"ఎట్ల తెలుసు?"

"నోటికి తెలుస్తుంది."

"మరి చెవి ఏం పాపం చేసినాది?"

అక్కడ పట్టుకుంది నన్ను. ఆ వారమంతా నాకు నిద్రలో కూడా ఆ మూడు రికార్డింగులే. ఒక ఊళ్ళో పాటగాడికి గొంతు పట్టేసి పై స్వరానికి వెళ్ళకుండా పక్కకు తప్పుకుంటాడు. ఇంకో ఊళ్ళో డ్రమ్ములవాడు తొందరపడతాడు, గిటారువాడు అతన్ని వెనక్కి లాగుతాడు. మూడోచోట ఎవరో తప్పు వాయిస్తారు, ఆ తప్పునే పట్టుకుని నలుగురూ ఎక్కడికో ఎగిరిపోతారు. అది మొదటిసారి నా అంతట నేను కనిపెట్టినప్పుడు వీధి దాటి పరుగెత్తుకెళ్ళి అత్తకు చెప్పాను. ఆమె చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని గంతేసింది. పాత టేపులు కొన్ని తొందరగా తిరిగి శ్రుతి పెరిగిపోతాయి. అత్త శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, "అర స్వరం ఎక్కువుండాది, దించు" అనేది, నేను కంప్యూటరులో వేగం తగ్గించేదాన్ని. శ్రుతి కలిసిన క్షణంలో ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకునేవాళ్ళం. అంత సంతోషం నాకు మార్కులు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం ఇంటర్నెట్టులో ఆ అభిమానుల గుంపు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. సముద్రం ఒడ్డున ఆరుబయట జరిగిన ఒక పాత కచేరీ మొదటి సగం అందరి దగ్గరా ఉంది, రెండో సగం ఎవరైనా విన్నారా అని. ఆ రోజు రెండో సగం మొదట్లో మనోళ్ళు ఒక పాట వాయించారట. మళ్ళీ ఎక్కడా వాయించలేదు, ఏ రికార్డులోనూ వేయలేదు. నేను చదివి తెలుగులో చెప్పేసరికి అత్త చాప మీద నుంచి లేచి నిలబడింది.

"అది మన దగ్గర ఉండాదే! ఆ ఫ్రెంచి పిల్లోడే గుంపులో నిలబడి పట్టినాడు. ఒకటే గాలి! ఆ గాలిలో ఆ పాట... అయ్యో సుధా, అది ఎవురి దగ్గరా లేదంటనా?"

ఆ టేపు అరిగిపోతుందని ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా దాచుకుందట. ఉందని వెంటనే రాసెయ్యమంది. రాశాను. జవాబులు వర్షంలా కురిశాయి. సగంమంది సంతోషించారు, సగంమంది నమ్మలేదు. ఆ గుంపులో పెద్దమనిషిలా చలామణీ అయ్యే ఒకాయన, ఎక్కడో ఇండియాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటుందా ఇది, ఇలాంటి కోతలు చాలా చూశాం అని రాశాడు. అత్త ముఖం ఎర్రబడింది. "రేపే వినిపిస్తామని చెప్పు వాడికి!" అంది.

బీరువా తెరిచాం. టేపు లేదు.

ఇద్దరం ప్రతి అరా దులిపాం. క్యాసెట్లన్నీ చాప మీద గుట్టపోశాం. అప్పుడే రంగనాథం మామ పొలం నుంచి వచ్చాడు. అత్త భర్త, బహు నెమ్మదస్తుడు, ఆ ఇంట్లో మాట్లాడే అవకాశం ఆయనకు ఎప్పుడో గానీ వచ్చేది కాదు.

"గాలి అని రాసి పెట్టినానే, ఒక క్యాసెట్టు, చూసినారా?"

మామ చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు. "కాలి క్యాసెట్టా? అది నేను తీసుకునిపోయినానే."

సంగతేమిటంటే, మా వాళ్ళలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. రాయాల్సి వస్తే తెలుగు మాటనే తమిళ అక్షరాల్లో రాసుకుంటాం. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం. అత్త రాసింది "గాలి". మామ చదివింది "కాలి", తమిళంలో ఖాళీ అని. ఇంట్లో ఒక ఖాళీ క్యాసెట్టు దొరికిందని సంబరపడి తీసుకుపోయాడు.

"యాడికి?"

"మూలకుళానికి. తమ్ముడింటికి. అమ్మను మాట్లాడించి రికార్డు చేసినా."

అత్త గోడకు ఆనుకుని కూలబడింది. మామ తల్లి పోయి అప్పటికి చాలా రోజులైంది. చివరి రోజుల్లో ఆమె మూలకుళంలో చిన్నకొడుకు దగ్గరే ఉండేది. అమ్మ పోయాక ఆ క్యాసెట్టు వినే ధైర్యం రాక అక్కడే వదిలేశానని మామ చిన్నగా చెప్పాడు. "ఎంతసేపు రికార్డు చేసినారు?" అని అత్త అరిచింది. "నాకేం తెలుసు? మా అమ్మ మొదలుపెడితే ఆపుతాదా?" అన్నాడాయన. ఆ గుండెదడలోనూ నాకు నవ్వొచ్చింది.

నా స్కూటీ మీద అత్తను ఎక్కించుకుని మూలకుళం పరుగెత్తాను. దారిపొడుగునా ఆమె నా భుజం గిల్లుతూనే ఉంది. వాళ్ళ మరిది ఇంట్లో టీవీ కింద వెతికాం, అటక మీద వెతికాం. చివరికి కుట్టుమిషను సొరుగులో గుండీల మధ్య దొరికింది. తిరుగుదారిలో అత్త దాన్ని రెండు చేతుల మధ్యా పెట్టుకుని, వెనక సీటు మీద ఏ పట్టూ లేకుండా కూర్చుంది.

ఇంటికొచ్చి వైర్లు తగిలించి, టేపురికార్డరు హెడ్డు తుడిచి, టేపు వెనక్కి తిప్పి పెట్టాను. మామ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. బర్రుమని చప్పుడు. తర్వాత అవ్వ గొంతు, మామ తల్లిది.

"ఏందిరా ఇది? దీంట్లో మాట్లాడాలనా? ఎవురు వింటారు?"

మామ గుమ్మం పట్టుకున్నాడు. అవ్వ మొదలుపెట్టింది. పోయినేటి వరి, ఎవరో తిరిగివ్వని ఇత్తడి బిందె, చిన్నకోడలి రసం, మోకాళ్ళ నొప్పి. ఒక్కో మాటకు మామ ముఖం వెలుగుతోంది, అత్త ముఖం పాలిపోతోంది. అవ్వ మాట్లాడే ప్రతి క్షణం కింద ఆ పాట చెరిగిపోయి ఉంది. నాకు ఎవరివైపు చూడాలో తెలియలేదు. ఆపెయ్ అవ్వా అనాలనీ ఉంది, ఇంకాస్త మాట్లాడు అనాలనీ ఉంది.

"శకుంతల ఎందుకు రాలేదురా? ఆ అరుపుల పెట్టె ముందర కూచోనుంటాది. సిగ్గూ ఎగ్గూ లేదు దానికి. ఆకలయ్యేది కూడా తెలవదు. నువ్వు పోయి ముందు దానికింత అన్నం పెట్టురా."

టక్కున ఆగింది. ఆ వెంటనే గాలి! గది నిండా, హోరున గాలి, వేలమంది కేకలు, ఆ కేకల మీదుగా గిటారు. పాట సగంలో ఉంది. కానీ ఉంది! అత్త రెండు చేతులూ పైకెత్తి "వచ్చినారు! మనోళ్ళు వచ్చినారు!" అని అరిచింది. నేనూ అరిచాను. మామ ఏడుస్తూ నవ్వాడు. ఎదురింటి నుంచి మా అమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

ఆ రాక్షస గాలిని శ్రుతి సరిచేసి గుంపుకు పంపే ముందు, "అవ్వ మాటలు తీసేయనా అత్తా? ఒక్క నొక్కుతో పోతాయి" అన్నాను. ఆ పెద్దమనిషి కూడా ముందే రాసిపెట్టాడు, ఇంటి మాటలేమైనా ఉంటే కోసేసి పంపండి అని. అత్తాకోడళ్ళ మధ్య జీవితాంతం నడిచిన యుద్ధం మా వీధంతటికీ తెలుసు. ఆమె ఏమంటుందో నాకూ తెలుసనుకున్నాను.

అత్త ఆ ముక్కే మళ్ళీ పెట్టమంది. "అన్నం పెట్టురా" దాకా విని, ముక్కు చీదుకుని, "ఉండనీ" అంది.

"వాళ్ళు ఊరుకోరేమో."

"వాళ్ళ మాట ఎవురికి కావాల? ఎవురో దగ్గితే ఉంచుతారు, ఎవురో ఈల వేస్తే ఉంచుతారు. ఇది మాత్రం లైవు కాదా? కోసే అధికారం మనకు లేదు సుధా. పట్టినది పట్టినట్టు పంపు."

అట్లాగే పంపాం. ఆ పెద్దమనిషి సణిగాడు, రెండు రోజులు. తర్వాత ఆ గుంపంతా పిచ్చెక్కినట్టు ఆ పాట గురించే మాట్లాడుకుంది. ఆ గొంతు ఎవరిదని అడిగితే అవ్వ అని రాశాను, దానికి వాళ్ళే పేరు పెట్టారు, అవ్వ టేపు అని. ఎవరో కోసేసిన కాపీ కూడా చేశారు గానీ, దాన్ని ఎవరూ అడగలేదు.

అప్పుడే డెన్మార్కు నుంచి ఒకాయన రాశాడు: ఆ ముసలమ్మ ఏం చెబుతోంది, ఉన్నదున్నట్టు ఆమె భాషలో రాసి పంపుతారా? నేను తమిళ అక్షరాల్లో రాయబోయాను. ప్రతి మాటా ఏదో ఒకచోట జారిపోయింది. అవ్వ గొంతులో ఉన్నది కాగితం మీదికి రాలేదు. పట్టినది పట్టినట్టు పంపమన్న మనిషి ముందు తప్పుడు కాపీ ఎలా పెట్టను? అందుకని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మా వంశంలో ఎన్ని తరాల తర్వాతో ఎవరికీ తెలియదు, ఒకరు తెలుగు రాయడం. ఈ రోజు నేను రాస్తున్న ప్రతి అక్షరానికీ గురువు ఎవరంటే, తెలుగులో సంతకం కూడా చేయలేని శకుంతల అత్తే.

రాసిన కాగితం మొదట ఆమెకే చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "దీంట్లో మా అత్త నన్ను తిట్టింది యాడుండాది?" అంది. వేలితో చూపించాను. "అన్నం పెట్టమన్నది?" అదీ చూపించాను. ఆ వరస మీద తన వేలు ఆనించి, మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించింది.

"ఎంత గుండ్రంగా ఉండాదే!" అంది.