ఎర్ర చుక్కల డబ్బా

ఆమె గోళ్లకు రంగు వేసుకోగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఆసుపత్రిలో అందరికీ ఆమె గోళ్లరంగక్కే. ఇరవై ఆరేళ్లుగా ల్యాబులో రక్తం చూసే టెక్నీషియను. ఆమె బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక ఎర్ర గోళ్లరంగు సీసా ఉండేది. అది సింగారానికి కాదు, తప్పులకు.

జ్వరంతో వచ్చినవాళ్ల వేలికొన గుచ్చి, ఒక చుక్క రక్తం గాజు స్లైడు మీద పులిమి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. మలేరియా ఉంటే రక్తకణాల్లో సన్నటి ఉంగరాలు కనిపిస్తాయి. ఉందనో లేదనో రాసి పంపితే పని అయిపోయినట్టే. అందరూ అక్కడితో చేతులు దులుపుకుంటారు. ఈవిడ ఊరుకునే రకమా? "లేదు" అని తాను రాసినా జ్వరం తగ్గనివాళ్ల స్లైడులన్నీ ప్రతి శనివారం మళ్లీ బయటికి తీసేది. కన్ను మోసపోయిందని తేలితే ముందు వార్డుకు ఫోను, ఆ తర్వాత స్లైడు అంచున ఎర్ర చుక్క. చుక్క పడ్డ స్లైడు చెక్కడబ్బాలోకి వెళ్లేది. ఇన్నేళ్లలో అలాంటివి మూడువందల పన్నెండు పోగయ్యాయి. తన తప్పుల్ని ఇంత భద్రంగా దాచుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? మనమైతే చెత్తబుట్టలో పడేసి పైన కాగితం కప్పేవాళ్లం.

ఒకరోజు చంకలో కంప్యూటరుతో ఒక అమ్మాయి వచ్చింది. ఊరూరా ఆసుపత్రుల్లో ఉన్న స్లైడుల్ని ఫోటోలు తీసి ఉమ్మడి నిధిగా పెడుతున్నారట. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ యంత్రానికి రక్తం చదవడం నేర్పించుకోవచ్చు. టెక్నీషియను లేని చోట ఆ యంత్రమే ఉందో లేదో చెబుతుంది. రోగుల పేర్లు తీసేస్తారు. స్లైడు చదివినవాళ్ల పేరు మాత్రం ఉంటుంది. పెద్ద డాక్టరుగారు పొంగిపోయి అనుమతి కాగితం మీద సంతకం గీకేశారు.

పది రోజుల్లో నాలుగువేల స్లైడులు ఫోటోలయ్యాయి. వెళ్లే ముందు ఆ అమ్మాయి, "అక్కా, ఇప్పటివరకూ వచ్చిన ఫోటోలతో ఒక యంత్రానికి నేర్పించాం. పరీక్షించి చూస్తారా?" అంది.

గోళ్లరంగక్క చెక్కడబ్బా తెరిచింది. ఇరవై స్లైడులు వరసగా చూపించింది. పదిహేడింటికి యంత్రం "లేదు" అంది.

"ఉంది!" అంది ఆమె ఒక్కసారిగా గొంతు పెంచి. "అన్నిట్లోనూ ఉంది. రంగు సరిగ్గా అంటక మసకబారినవి, ఎంతో వెతికితే గానీ ఒక ఉంగరం దొరకనివి. నేను బోల్తా పడ్డ చోటే ఇదీ పడుతోందమ్మా."

"అన్ని ల్యాబులవాళ్లూ నీటుగా ఉన్నవే ఇచ్చారక్కా," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

"ఇవ్వరూ మరి! పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు చేసి ఇచ్చారు. ఈ డబ్బా మొత్తం తియ్యి."

ఈ మాట పెద్ద డాక్టరు చెవిన పడటానికి గంట పట్టలేదు. రొప్పుతూ వచ్చి ల్యాబు తలుపు మూశారు.

"మతి పోయిందా అమ్మా నీకు? మన తప్పులు మనమే ప్రపంచానికి చాటుకుంటామా? ఆసుపత్రి పరువేం కాను?"

"ఆసుపత్రి పేరు ఎందుకండీ, చదివింది నేను. నా పేరే ఉంటుంది."

"రేపు ఎవడో వచ్చి కాలరు పట్టుకుంటాడు."

"నాకు కాలరు లేదు లెండి."

ఆయనకు నవ్వు రాలేదు. గొంతు తగ్గించి, "ఆ డబ్బాలో నీ మరిది స్లైడు కూడా ఉంది. మీ ఆయనకు తెలుసా?" అన్నారు.

పదకొండేళ్ల కిందట మరిదిని జ్వరంతో తీసుకొచ్చింది ఆమె భర్తే. స్లైడు చూసి "లేదు" అని రాసింది ఆమె. శనివారం మళ్లీ చూసేసరికి మరిది లేడు. తప్పు సంగతి ఒక్క పెద్ద డాక్టరుగారికే చెప్పింది. ఎర్ర చుక్క పెట్టిన చేతులతోనే ఇంటికి వెళ్లి అన్నం వండింది. తమ్ముణ్ని ఆలస్యంగా తీసుకొచ్చి చేజేతులా పోగొట్టుకున్నానని భర్త కుమిలిపోతుంటే, ఆమె నోరు విప్పలేదు. ఆ పిరికితనానికి ఆమెకు ఒళ్లు మండేది. ఇప్పుడు అదే పిరికితనాన్ని అడ్డం పెట్టుకుని ఇంకొకరు తన నోరు నొక్కుతున్నారు!

"తెలీదండీ. ఇవాళ తెలుస్తుంది," అంది.

మధ్యాహ్నం భర్త రోజూలాగే క్యారేజీ పట్టుకుని వచ్చాడు. ఆసుపత్రి ఎదురు వీధిలోనే ఆయన దర్జీకొట్టు. మెడలో టేపు అలాగే ఉంది. ఆమె చుట్టూ తిప్పకుండా చెప్పేసింది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "పదకొండేళ్లు నేనే చంపుకున్నాననుకున్నానే."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారి ఆయన టీ కూడా తాగకుండా కొట్టుకు పోయాడు. గుండె రాయి చేసుకుని ఆమె ల్యాబుకు వచ్చింది. బల్ల మీద పెద్ద డాక్టరు రాసిన మెమో సిద్ధంగా ఉంది, ఆ డబ్బా తెరిస్తే చర్య తీసుకుంటామని. ఆమె ఆ మెమో పట్టుకుని నేరుగా ఆయన గదికి వెళ్లింది.

"అనుమతి కాగితంలో మీరేం రాశారు? 'ల్యాబులో ఉన్న స్లైడులన్నీ.' ఎర్ర చుక్కలు తప్ప అని లేదు. చర్య తీసుకుంటే తీసుకోండి. ఎందుకు తీసుకున్నారని అడిగినవాళ్లకు నేనే చెబుతాను."

ఆమె బదులు కోసం నిలబడలేదు.

ల్యాబులో ఆ అమ్మాయి కెమెరా బిగించింది. "ఏ స్లైడుతో మొదలుపెడదాం అక్కా?"

డబ్బా మూత తీస్తుండగా గుమ్మంలో అలికిడైంది. భర్త. వేళ కాని వేళ, చేతిలో క్యారేజీ కూడా లేదు. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆమె వైపు చూడకుండా డబ్బా వైపే చూస్తూ, "వాడిది ముందు పెట్టు," అన్నాడు.

ఆమె వెతుక్కోనక్కరలేదు. నూట ఎనభై ఒకటో గాడిలోంచి తీసి కెమెరా కింద పెట్టింది. అమ్మాయి ఫారం అందించింది. మొదటి రిపోర్టు: లేదు. అసలు ఫలితం: ఉంది. చదివినవారు అన్న చోట గోళ్లరంగక్క తన పేరు ఇంటిపేరుతో సహా, పొడి అక్షరాలు లేకుండా, పూర్తిగా రాసింది.