బీవర్ తోలు కింద భోజనం

నాకు అక్షరాలు కూడబలుక్కుని బైబిలు చదవడం వచ్చు గానీ రాయడం రాదు. అందుకే నోటితో చెబుతున్నాను. రాసేవాళ్ళని చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను, మెత్తబరచొద్దన్నాను.

మా అమ్మాయి అమెరికాలో, డెట్రాయిట్ పక్కన నోవై అనే ఊళ్ళో కార్ల కంపెనీలో పనిచేస్తుంది. అల్లుడు తెల్లవాడు, ఆ ఆఫీసులోనే పరిచయమయ్యాడు. మంచివాడు, వాడితో నాకు పేచీ లేదు. వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళడమే నాకు గిట్టదు.

మా వియ్యపురాలికీ మొగుడు లేడు, నాకూ లేడు. మా ఆయన పోయాక నేను ప్రార్థనలో పడ్డాను. ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళని వెతకడంలో పడింది. వాళ్ళ మూలపురుషుడు ఫ్రాన్సులో ఓడెక్కి కెనడాలో దిగి, అక్కడినుంచి పడవల మీద ఈ డెట్రాయిట్ వైపు వచ్చాడట. అప్పటికి ఇది అమెరికా కాదట, ఫ్రెంచి రాజు ఏలుబడట. ఆయన దగ్గర మొదలుపెట్టి మా మనవరాలి దాకా ఎవరికి ఎవరు పుట్టారో గోడంత గుడ్డ మీద చెట్టులాగా కుడుతోంది. పిల్ల మొదటి పుట్టినరోజుకి హాల్లో వేలాడదీయాలని. ఒక కొమ్మ మీద వాళ్ళు, ఇంకో కొమ్మ మీద మేము. ప్రతి పేరు కిందా ఆ మనిషి ఏం పని చేశాడో కుట్టాలి.

మా పేర్ల కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచింది.

వాళ్ళింట్లో అన్నాల బల్లకి పైన గోడ మీద ఒక తోలు ఉంటుంది. బీవర్ అని, నీళ్ళలో బతికే పెద్ద ఎలుకలాంటి జంతువు. బొచ్చుతోనే ఒలిచి, గుండ్రటి కర్ర చట్రానికి తాళ్ళేసి సాగదీసి బిగించారు. నన్ను ఎప్పుడూ దాని కింది కుర్చీలోనే కూర్చోబెడతారు, అది మర్యాదట. ముసురు పట్టిన రోజు అది కంపు కొడుతుంది. ఎవరికీ రావట్లేదంటారు. నాకు వస్తుంది. నేను ఆ కంపులోనే పుట్టాను.

మాది కృష్ణా జిల్లాలో మాదిగ పల్లె. మా ఇంటి వెనకే లంద ఉండేది. లంద అంటే తోళ్ళు నానేసే గుంట. పచ్చి తోలు సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టాలి. మా ఆయన దిగి తొక్కేవాడు, నేను ఒడ్డున కూర్చుని గీకేదాన్ని. ఎంత తోముకున్నా అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి అదే కంపు. మా వైపు నుంచి గాలి వస్తే ఊళ్ళోవాళ్ళు ముక్కుకి పైట అడ్డం పెట్టుకునేవాళ్ళు. చెప్పులు మాత్రం మా ఆయన కుట్టినవే కావాలి. కొలత కోసం కాలు పట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. మట్టిలో పాదం మోపి పక్కకి జరిగితే, ఆ అచ్చు చుట్టూ ఆయన పుల్లతో కొలుచుకునేవాడు.

వియ్యపురాలు మాంసం కోస్తూ వాళ్ళ పెద్దాయన కథ ఎత్తుకుంది. మా అమ్మాయి నాకు తెలుగులో చెబుతోంది.

"ఫర్ ట్రేడర్ అంటమ్మా. అంటే పెద్ద బిజినెస్."

"ఏం వ్యాపారం?"

"తోళ్ళు."

"తోళ్ళా?"

"అమ్మా, మెల్లగా," అంది. ఆ బల్ల దగ్గర తెలుగు వచ్చింది మా ఇద్దరికే.

ఆవిడ ఇంకా చెప్పింది. తెల్లవాళ్ళు రాకముందునుంచీ ఇక్కడున్న అడవిలోవాళ్ళు ఆ తోళ్ళని బొచ్చు లోపలికి తిప్పి చలికాలమంతా ఒంటికి చుట్టుకునేవాళ్ళట. వాళ్ళ చెమటా జిడ్డూ పట్టి పొడుగు వెంట్రుకలు రాలిపోయి మెత్తబడిన తోలుకే గిరాకీ ఎక్కువట. దాని బొచ్చుతో ఫ్రాన్సులో దొరలు టోపీలు చేయించుకునేవాళ్ళట. పరాయివాడి చెమట ఊరిన తోలు నెత్తిన పెట్టుకుంటే దొరతనం. ఆ మాట చెబుతూ ఆవిడ మాంసం ముక్క నమిలింది. నేను కంచం అవతలికి జరిపాను.

"ఆ తోళ్ళు ఒలిచింది ఎవరో అడుగు," అన్నాను.

మా అమ్మాయికి అడగడం ఇష్టం లేదు, అయినా అడిగింది. ఆడవాళ్ళు గీకేవాళ్ళట. ఆ పెద్దాయన పెళ్ళాం ఇక్కడి అడవి మనిషేనట, ఆవిడే గీకేదట. వియ్యపురాలు గుడ్డ మీద చూపించింది. ఆయన పేరు బంగారు దారంతో కుట్టి ఉంది. పక్కన ఆవిడ చోట పేరు లేదు, ఉత్తినే భార్య అని కుట్టారు. పేరు దొరకలేదట.

తర్వాత పెన్సిలు తీసుకుని, మీ నాన్నగారు ఏం చేసేవారని మా అమ్మాయిని అడిగింది.

"ఫార్మర్," అంది మా అమ్మాయి.

ఆ మాట నాకు తెలుసు.

"ఏమే, మీ నాన్నకి సెంటు భూమి ఉందా?"

"తర్వాత మాట్లాడదాం, తినమ్మా."

"ఎవరి దగ్గర దాస్తున్నావే? ఈవిడకి తెలుసా మన పల్లె? ఈవిడే తోలు గోడకి కట్టుకుని ఊరేగుతోంది."

అల్లుడు ఏమైందని అడిగాడు. అమ్మకి సూప్ చాలా నచ్చిందట అని మా అమ్మాయి వాడికి ఇంగ్లీషులో చెప్పి నవ్వింది; సూప్, లైక్ అన్న మాటలు నాకు తెలుసు. ఆ నవ్వు చూసి నాకు నా పిల్ల మీదే రోత పుట్టింది.

"ఈవిడ కోసం కాదమ్మా," అంది తల వంచుకుని. "బర్త్‌డేకి మన తెలుగువాళ్ళు వస్తారు కదా. ఆఫీస్ వాళ్ళు, అపార్ట్‌మెంట్ ఆంటీలు. వచ్చిన ప్రతివాళ్ళూ ఇంటిపేరు అడుగుతారు, ఊళ్ళో ఎటువైపు మీ ఇల్లు అంటారు. ఎందుకడుగుతారో నీకు తెలీదా? ఇన్నేళ్ళూ అందరికీ రైతులమనే చెప్పాను. ఇప్పుడు గోడ మీద రాసిపెట్టమంటావా?"

"మరి మీ నాన్నని ఎక్కడ పెడతావు?"

నేను లేచి ఆ తోలు మీద చెయ్యి పెట్టాను. నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలే వాడాను. "మై హస్బెండ్. దిస్ వర్క్. నో ఫార్మర్."

వియ్యపురాలు వచ్చి నన్ను కావలించుకుంది. రెండు కుటుంబాలదీ ఒకటే పని, దేవుడే కలిపాడు అందట. ఆ గుంట ఫోటో ఉందా, గోడకి పెడదాం అందట. ఆ సంబరం చూసి నాకు ఇంకా అసహ్యం వేసింది. ఆయన నడుం దాకా దిగిన గుంట ఈవిడకి ముచ్చట.

"లెదర్ మర్చంట్ అని కుట్టనా అంటోందమ్మా. అది బాగుంటుంది కదా," అంది మా అమ్మాయి ఆశగా.

"మీ నాన్న బేరగాడు కాదు. ఒలిచాడు, ఊరబెట్టాడు, కుట్టాడు. అదే కుట్టమను. నేను గీకాను, నా పేరు కింద అదీ కుట్టమను."

మా అమ్మాయి చాలాసేపు ఫోర్కుతో కంచం గీరింది. ఆఖరికి ఇంగ్లీషులో ఏదో మెల్లగా చెప్పింది. ఆవిడ రాసుకుంది. నాకు నమ్మకం లేక అల్లుణ్ణి చదవమన్నాను. వాడు వేలు పెట్టి చదివాడు: "టానర్. షూమేకర్." టానర్ అంటే తోలు ఊరబెట్టేవాడట, నా పేరు కిందా అదే రాసింది. అంతేనా అని మా అమ్మాయిని అడిగాను. అంతే అంది.

పుట్టినరోజు హాల్లో గుడ్డ వేలాడదీశారు. నేను వెళ్ళేసరికి మా కొమ్మ మీద గులాబీరంగు బెలూన్ల గుత్తి కట్టి ఉంది. వాళ్ళ కొమ్మ మాత్రం తళతళలాడుతోంది. మనవాళ్ళు ప్లేట్లు పట్టుకుని వరసగా వచ్చి చూస్తున్నారు.

"ఫర్ ట్రేడర్స్ అంట. రాయల్ ఫ్యామిలీలా ఉన్నారే," అంది అపార్ట్‌మెంట్ ఆంటీ ఒకావిడ. నా వైపు తిరిగి, "మీ సైడ్ కనబడట్లేదేంటండీ?" అంది.

"అది ఇంకా కంప్లీట్ అవలేదు ఆంటీ," అంది వెనకనుంచి మా అమ్మాయి.

నేను బెలూన్ల ముడి విప్పాను. ఆవిడ దగ్గరికొచ్చి చదివింది.

"ఓ. షూమేకర్. ఫ్యాక్టరీ ఉండేదాండీ?"

"లేదమ్మా. పల్లె చివర గుంట ఉండేది."

ఆవిడ ప్లేటు వంక చూసుకుంది. పిల్లలు కేక్ కోసం ఏడుస్తున్నారని వెళ్ళిపోయింది. పిల్లలెవరూ ఏడవట్లేదు.

మా అమ్మాయి వచ్చి నా చేతిలోంచి బెలూన్లు తీసుకుంది. మళ్ళీ అక్కడే కడుతుందేమోనని నేను గుడ్డకి అడ్డంగా నిలబడ్డాను. తీసుకెళ్ళి కిటికీ దగ్గర కట్టింది. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. మాననీ. అంతమందిలో వాళ్ళ నాన్న కనబడుతున్నాడు.