పనికా, ఆటకా?

కంప్యూటరును ముక్కలు ముక్కలుగా కొని జోడించుకుంటారని మా నాయినకు మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన, "అంటే పొట్టేలును కాళ్లొకచోట, తలకాయొకచోట కొంటారా?" అన్నాడు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు.

మాది తొండూరు దగ్గర పల్లె. గొర్రెలే మా జీవనం. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న ఆ ఏడు, కంప్యూటరు ఉంటే ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని నాయినకు చెప్పాను. ఆయన నమ్మాడు. పొట్టేళ్లు అమ్మి యాభై వేలు తెచ్చాడు. నేను చెప్పింది అబద్ధం. నాకు కంప్యూటరు కావాల్సింది ఆడుకోవడానికి. హాస్టల్లో ఒక స్నేహితురాలు తన కంప్యూటరులో ఒక ఆట చూపించింది. గుర్రమెక్కి కొండలూ లోయలూ తిరగడమే ఆ ఆట. పది నిమిషాలు నన్నూ ఆడనిచ్చింది. ఆ పది నిమిషాలు ఎన్నాళ్లయినా నా తలలోంచి పోలేదు. కానీ ఇరవై రెండేళ్ల ఆడపిల్ల, నాకు ఆడుకోవాలని ఉంది అని ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

ఇక ముక్కలు ఎంచుకోవడం. వీడియోలు చూసేకొద్దీ మతి పోయింది. ఒకాయన మదర్‌బోర్డు మీద డబ్బు తగలెయ్యొద్దంటాడు. ఇంకొకాయన అక్కడ కక్కుర్తి పడితే మిగతాదంతా బూడిదలో పోసిన పన్నీరే అంటాడు. ఇద్దరూ నమ్మకంగానే చెబుతారు, అదే నా ఖర్మ. ప్రాసెసర్ల పేర్లన్నీ నంబర్లే, చివర ఒక్క అక్షరం మారితే తెర మీద బొమ్మే రాదట. ఆటలోని బొమ్మల్ని గీసేది గ్రాఫిక్స్ కార్డు. అదొక్కటే సగం డబ్బు మింగేస్తుంది. పులివెందులలో ఒక షాపతను జాబితా రాసిచ్చాడు. జమ్మలమడుగులో దాన్ని చూపిస్తే ఇంకొకతను నవ్వి, అన్నీ కొట్టేసి వేరేది రాశాడు. రెండు జాబితాల్లోనూ కలిసింది కీబోర్డు ఒక్కటే. చివరికి నాయినే ప్రొద్దుటూరు పోదామన్నాడు. అంత బంగారం దొరికే ఊళ్లో ఇది దొరకదా అని ఆయన ధీమా.

ప్రొద్దుటూరు షాపతను జాబితాల వైపు చూడనే లేదు. "గేములకా, పనికా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే నాయిన చెప్పేశాడు. "పనికేనప్పా. మా పాప ఇంట్లో నుంచే ఉద్యోగం చేస్తాది."

"అట్లయితే ఈ కార్డు ఎందుకు మామా, దండగ. కరెంటు ఇచ్చే ఈ పవర్ సప్లై గూడా చిన్నది చాలు," అంటూ అతను అప్పుడు జాబితా అందుకుని, అందులో గ్రాఫిక్స్ కార్డు పేరును కొట్టేశాడు.

ధర ఒక్కసారిగా దిగింది. నాయిన ముఖం వెలిగిపోయింది. ఇక సంతలో ఉన్నట్టే, ఒక్కో పెట్టెను రెండు చేతులతో ఎత్తి బరువు చూడడం మొదలుపెట్టాడు. ర్యామ్ పెద్దది ఒకటి తీసుకోవాలా, చిన్నవి రెండు తీసుకోవాలా అని నేను నెల రోజులు కొట్టుకున్నాను. "ఒంటిది ఎవరన్నా కొంటారా? జత ఇయ్యి," అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. షాపతను అదే కరెక్టన్నాడు. నా నెల రోజులు ఎందుకు పోయినట్టో నాకు అర్థం కాలేదు.

"అన్నా, తర్వాత ఎప్పుడన్నా కార్డు పెట్టుకోవచ్చా?" అని మెల్లగా అడిగాను.

"లెక్కలు రాసుకునేదానికి కార్డెందుకు పాపా? ఈ సప్లై దాన్ని మోయలేదు గూడా."

ఇంకేం అడిగినా దొరికిపోతాను.

బేరం కుదిరింది. నాయిన రెండు వేలు తీసి, బయానా అంటూ అతని చేతిలో పెట్టాడు. కొంత సామాను గోడౌన్ నుంచి రావాలి, మధ్యాహ్నం రమ్మన్నాడు అతను. గొర్రెల బేరంలో బయానా చేతులు మారిందంటే మాట ఇచ్చేసినట్టే. కొనేవాడు తర్వాత వద్దన్నా, ఇది కాదు అది కావాలన్నా, ఆ డబ్బు వదులుకోవాల్సిందే. ఇన్నేళ్లలో ఒక్క బయానా పోగొట్టుకోలేదని నాయినకు గర్వం. సంతలో ఆయన్ను చూసి మాట మనిషి అంటారు.

హోటల్లో అన్నం తింటూ ఆయన లెక్క వేశాడు. "మిగిలిన దుడ్లతో మంచి మేజా, కుర్చీ కొందాం. వంగి వంగి పని చేస్తే నడుము పోతాది."

ఆ మాటతో నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. "నాయినా, అది పనికి కాదు. ఆడుకునేదానికి," అన్నాను.

ఆయన పప్పన్నం కలపడం ఆపలేదు. "ఏం ఆట?" అన్నాడు.

"గుర్రమెక్కి కొండలన్నీ తిరగొచ్చు."

"మనకు లేవా కొండలు? చిన్నప్పట్నుంచి తిరగతానే ఉండావు కదా."

"ఆ కొండల్లో గొర్రెలుండవు నాయినా."

ఆయనకు పొలమారింది. నవ్వొచ్చి పొలమారిందో, మనసు కష్టపడి పొలమారిందో తెలియలేదు. నీళ్లు తాగి, చేయి కడుక్కుని, పద అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కనీసం ఆయన మనసులో ఏముందో నాకు తెలిసేది.

షాపులోకి వెళ్లాక నాయిన భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. "అప్పా, నేను మాట తప్పినా. పనికి కాదు, ఆటకు. బయానా నువ్వే పెట్టుకో."

షాపతను తెల్లబోయాడు. "అదేంది మామా, సామాను ఇంకా విప్పనే లేదు. బిల్లులో తగ్గించుకుంటాలే."

"తగ్గించద్దు. మాట తప్పినోనికి బయానా వాపసు రాదు. ఆటకేం గావాల్నో ఈ పాపను అడుగు."

అతను నా వైపు చూశాడు. నేను నాయిన వైపు చూశాను. అక్కడ ఏం చేయాలో తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. మిగిలిన నలభై ఎనిమిది వేలతో మొదటి నుంచి మొదలుపెట్టాం. నేను అనుకున్న కార్డుకు సరిగ్గా ఆ రెండు వేలే తక్కువయ్యాయి. దానికి కింది మెట్టుది తీసుకున్నాం. ఈసారి నాయిన ఏ పెట్టెనూ ఎత్తి చూడలేదు, బేరమూ ఆడలేదు. చెప్పినంత ఇచ్చాడు.

బస్సు ముద్దనూరు దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను. "అబద్ధం చెప్పింది నేను కదా నాయినా. బయానా నువ్వెందుకు పోగొట్టుకోవాల?"

"నువ్వు నాకు చెప్పిన మాటనే నేను ఆయప్పకు చెప్పినా," అన్నాడు నాయిన, కిటికీలోంచి చూస్తూ. "ఆయప్ప దగ్గర అది నా మాటే కదా పాపా."

నేను ఒళ్లో ఉన్న కార్డు పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాను. దాన్ని చూసి సంతోషపడాలో, తల దించుకోవాలో ఊరు చేరేదాకా తెలియలేదు.